నోట్ల వాసన

ప్యూబ్లోలో మా డబ్బు బ్యాంకులు ముట్టుకోవు.
అందుకే గురువారాలు నేను
కిటికీ లేని గదిలో కూర్చుని
ఇరవైల కట్టలు విప్పి, మళ్ళీ కడతాను.
లెక్కపెట్టే యంత్రం గొంతు సవరించుకున్నప్పుడల్లా
గదంతా ఒకటే వాసన.
పచ్చి తారు, నిమ్మతొక్క, తడిసిన గోనెసంచీ
మూడూ ఒకే దుప్పట్లో ముసుగుతన్ని పడుకున్నట్టు.

పన్ను కట్టడానికి అట్టపెట్టెల్లో మోసుకెళ్తాం.
ఆఫీసువాళ్ళు ముక్కు మూసుకుని కిటికీలు తెరుస్తారు.
డబ్బు మాత్రం వద్దనరు.

చేతులు నిమ్మచెక్కతో రుద్దుకుంటాను.
అయినా మా వకుళ కోటు మీద ఆ వాసన పట్టి
టీచరు చీటీ రాసి పంపింది,
ఎంతో మర్యాదగా, ప్రతి అక్షరానికీ ఇస్త్రీ చేసి.
చట్టబద్ధమైన ఉద్యోగమేనండీ, అని జవాబు రాశాను.
ఆ ఒక్క మాట దగ్గర
పెన్ను ఎందుకో రెండుసార్లు ఆగింది.

గేటు దగ్గర ఎలుతేరియో ఆర్చులేటా ఉంటాడు.
ఉక్కు ఫ్యాక్టరీ మిగిల్చిన ఒక్క చెవితో
ఏ లారీ వస్తోందో పోల్చుకుంటాడు.
తొంభై ఒకటిలో, ఇదే వీధిలో,
చొక్కా జేబు నిండని ఆకుకి
నాలుగేళ్ళు లోపల ఉన్నాడు.
బయటికొచ్చేసరికి కొడుక్కి
మీసం మొలిచింది, మాట తగ్గింది.
ఇప్పుడు వారానికి మూడొందల కిలోలు
అతనే గేటు తీసి, సలాము కొట్టి సాగనంపుతాడు.
నువ్వూ ఒక లైసెన్సు పెట్టుకోరాదా అంటే
నవ్వుతాడు:
"పాత కేసుంది కదమ్మా,
నాలాంటివాణ్ణి ఈ వ్యాపారంలోకి రానివ్వరు."

యజమాని బ్రైస్‌కి ముప్పైయొక్కటి.
జైలుని సినిమాల్లోనే చూశాడు.
చెడ్డవాడేం కాదు. క్రిస్మస్‌కి అందరికీ టర్కీకోడి ఇస్తాడు.

షాపులో అద్దాల వెనక మొగ్గలు
బంగారు కొట్లో ముక్కుపుడకల్లా కూర్చుంటాయి.
కీమో చేయించుకుంటున్న ఒక ముసలావిడ
పావు బిళ్ళ చప్పరించి, ఎన్నాళ్ళకో
గిన్నెడు సూపు తాగానని చెప్పడానికే బస్సెక్కి వచ్చింది.
ఆమె చెయ్యి చాలాసేపు వదల్లేదు నేను.
అదే వారం, పక్కింటి పదిహేడేళ్ళ డేన్
పారతో మంచు ఎత్తుతూ ఎత్తుతూ ఆగి
గోడలోంచి నన్నెవరు పిలుస్తున్నారు, అని అడిగాడు.
ఎవరూ లేరు నాన్నా, అన్నాను.
ఉన్నారు, అన్నాడు ఓపిగ్గా,
నాకు కూడికలు నేర్పుతున్నట్టు.
వాడి గొట్టంలోది మా సరుకు కాదు.
మేం పెద్దవాళ్ళకే అమ్ముతాం. రసీదులున్నాయి.
రెండు రాత్రులు ఆ రసీదులే తిరగేశాను.

గంజాయి వనంలో తులసి మొక్కవే నువ్వు,
అంటుంది మా మేనత్త ఫోన్లో.
ఆవిడ నవ్వుతుంది, నేనూ నవ్వుతాను.
అత్తకి చెప్పనిది ఒకటుంది.
మొన్న జనవరిలో వంటింటి కిటికీలో నా తులసి
ఆకు రాల్చి, కాడ నల్లబడి
ఇక సెలవన్నట్టు నిలబడింది.
గ్రీన్‌హౌస్ చెత్తకుప్పలో పారేసిన
ఊదారంగు దీపం ఒకటి
ఎలుతేరియో కోటు కింద పెట్టుకొచ్చి ఇచ్చాడు.
పద్దెనిమిది గంటలు వెలుతురు, ఆరు గంటలు చీకటి,
అక్కడ వాటికిచ్చే లెక్కే దీనికీ.
పదో రోజుకి చిగురు.

నిన్న టీకి వచ్చాడతను.
ఒక ఆకు తుంచి చేతిలో పెట్టాను.
వేళ్ళ మధ్య నలిపి, కళ్ళు మూసుకుని
చాలాసేపు వాసన చూశాడు.
పాత అలవాటు, ఎక్కడికి పోతుంది.
తర్వాత కిటికీలోంచి వీధి అటూ ఇటూ చూసి
గొంతు తగ్గించి అడిగాడు:
"దీనికి పర్మిషనుందా?"